సబ్బునీళ్లతో అయ్యే పనికి ఓజోన్ పెట్టె ఎందుకు?

శ్వాస – ఆరోగ్యం: పాఠకుల ప్రశ్నలు, డాక్టరు గారి జవాబులు

నిద్రలో గొంతు వెనుక కండరాలు వదులై, శ్వాసమార్గం మూసుకుపోయి, ఊపిరి పదే పదే ఆగిపోయే జబ్బును స్లీప్ ఆప్నియా అంటారనీ, ముక్కుకు మాస్కు పెట్టి కొద్దిపాటి ఒత్తిడితో గాలిని పంపే సీప్యాప్ యంత్రం దానికి ప్రధాన చికిత్స అనీ గత సంచికలో రాశాను. ఆ తర్వాత వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం జబ్బు గురించి కాక, యంత్రాన్ని ఇంట్లో ఎలా శుభ్రం చేసుకోవాలన్న దాని గురించే ఉన్నాయి. అందుకే ఈసారి శీర్షిక మొత్తాన్ని ఆ ప్రశ్నలకే కేటాయిస్తున్నాను. ఈ జవాబులు ఇంట్లో ఒక్కరే వాడుకునే యంత్రానికి వర్తిస్తాయి. తయారీ సంస్థలు మోడల్‌ను బట్టి కొద్ది తేడాలతో సూచనలు ఇస్తాయి కనుక, యంత్రంతో వచ్చిన పుస్తకంలో వేరుగా ఉంటే పుస్తకాన్నే పాటించండి.

ప్రశ్న: మా వారు కొన్ని నెలలుగా రాత్రిపూట సీప్యాప్ పెట్టుకుంటున్నారు. యంత్రం తెచ్చిచ్చిన అబ్బాయి శుభ్రం చేసే పద్ధతిని హడావుడిగా చెప్పి వెళ్లిపోయాడు. పుస్తకమేమో ఇంగ్లిషులో ఉంది. నేను రోజూ మాస్కును వేడినీళ్లలో డెట్టాల్ వేసి కడుగుతున్నాను, వారానికోసారి చేతుల శానిటైజర్‌తో తుడుస్తున్నాను. ఇంత చేసినా మాస్కు పసుపు రంగుకు తిరిగి గట్టిపడింది, పక్కల నుంచి గాలి పోతోంది. అసలు ఏది రోజూ కడగాలి, ఏది వారానికోసారి కడగాలి?
– ఒక గృహిణి, హనుమకొండ

జవాబు: శ్రద్ధ ఎక్కువై మీ మాస్కు పాడైందమ్మా. మాస్కులో ముఖానికి ఆనే మెత్తటి భాగాన్ని కుషన్ అంటారు. అది సిలికాన్‌తో చేసినది. దాని అంచు ఉల్లిపొరలా పలచగా ఉండి, లోపలి గాలి ఒత్తిడికి ఉబ్బి చర్మానికి అతుక్కుంటుంది. ఆల్కహాలు ఉన్న శానిటైజరు, బాగా కాగిన నీళ్లు, యాంటీసెప్టిక్ ద్రవాలు ఆ అంచును క్రమంగా బిరుసెక్కిస్తాయి. బిరుసెక్కిన అంచు ముఖానికి అతకదు, సందుల్లోంచి వచ్చే గాలి కళ్లలోకి కొడుతుంది, దాన్ని ఆపడానికి పట్టీలు ఇంకాస్త బిగిస్తారు, చివరికి ముక్కు దూలం మీద పుండు పడుతుంది. పైగా డెట్టాల్ వంటి వాటి వాసన సిలికాన్‌లోకి, గొట్టంలోకి ఇంకితే ఎంత జాడించినా ఒక పట్టాన వదలదు. ఆ వాసనను మీ వారు రాత్రంతా పీల్చవలసి వస్తుంది.

అసలు మాస్కు మీద చేరే మురికి ఏమిటో ఒకసారి చూడండి. ముఖం జిడ్డు, చెమట, నోటి తడి, ముక్కు నుంచి వచ్చే చీమిడి, తలనూనె. ఇవన్నీ సబ్బుకు వదిలేవే. సూక్ష్మజీవులు కూడా ఆ జిడ్డును పట్టుకునే ఉంటాయి కనుక జిడ్డు పోతే వాటిలో చాలా భాగం నీళ్లతోపాటు పోతాయి. ఒక్కరే వాడే మాస్కు మీద ఉండేవి ఆ మనిషి ముక్కులోనూ చర్మం మీదా ఎప్పుడూ ఉండేవే. వాటిని ఒక్కటీ మిగలకుండా చంపాలని పట్టుబట్టడం ఆసుపత్రిలో ఒకే పరికరాన్ని పలువురికి వాడేటప్పుడు అవసరం, ఇంట్లో కాదు.

ఇక పద్ధతి. పొద్దున లేవగానే ముందుగా యంత్రం ప్లగ్గు తీసేయండి. మాస్కు నుంచి కుషన్‌ను విడదీసి, చేతికి వేడి తగలనంత గోరువెచ్చని నీళ్లలో వాసన లేని తేలికపాటి ద్రవ సబ్బు రెండు మూడు చుక్కలు వేసి, వేలి కొసలతో రుద్దండి. గోరు తగలనివ్వకండి. కుషన్ అంచు లోపలికి మడత పడిన చోట వేలు పెట్టి చూస్తే జారుడుగా ఒక పొర తగులుతుంది. చాలామంది వదిలేసేది ఆ మడతనే, లీకు మొదలయ్యేదీ అక్కడే. ఆ జారుడు పోయి సిలికాన్ వేలికి కాస్త పట్టుకున్నట్టు అనిపించే దాకా కడిగి, మంచినీళ్లతో రెండుసార్లు జాడించి, శుభ్రమైన నూలు తువ్వాలు మీద నీడలో ఆరబెట్టండి. మాస్కు ముందు భాగంలో సన్నటి రంధ్రాలు ఉంటాయి, వదిలిన ఊపిరి బయటికి పోయేది వాటిలోంచే. వాటిని వెలుతురుకు ఎత్తి చూసి, సబ్బు గాని మురికి గాని అడ్డుపడలేదని నిర్ధారించుకోండి. గాలి చప్పుడు వస్తోందని కొందరు వాటికి టేపు అంటిస్తారు. అది ప్రమాదం, వదిలిన గాలినే మళ్లీ పీల్చవలసి వస్తుంది.

గొట్టాన్ని, తల పట్టీలను, మాస్కు చట్రాన్ని, నీటి డబ్బాను వారానికోసారి ఇదే సబ్బునీళ్లతో కడిగితే సరిపోతుంది. గొట్టంలో సగం దాకా సబ్బునీళ్లు పోసి, రెండు చివరలను చేతులతో మూసి పట్టుకుని, అటూ ఇటూ ఒంచుతూ నీళ్లు ఆ చివర నుంచి ఈ చివరకు పరుగెత్తేలా చేయండి. తర్వాత కుళాయి కింద నురగ పోయే దాకా నీళ్లు పారనివ్వండి. కొన్ని గొట్టాల్లో వేడి చేసే తీగ ఉంటుంది. అటువంటి గొట్టాన్ని చుక్క తడి లేకుండా ఆరాక మాత్రమే యంత్రానికి తగిలించాలి. యంత్రాన్ని మాత్రం నీళ్ల దగ్గరికే తీసుకుపోకండి, గట్టిగా పిండిన గుడ్డతో పైపైన తుడిస్తే చాలు.

సున్నితమైనదని చంటిపిల్లల సబ్బు వాడేవాళ్లు ఉన్నారు. అందులో చర్మం కోసం నూనెలు, మాయిశ్చరైజర్లు కలుపుతారు, అవి కుషన్ మీద పొరగా మిగిలి మళ్లీ లీకుకు దారి తీస్తాయి. కుంకుడుకాయ రసం కూడా వద్దు. దాని నురగ కంట్లో పడితే ఎంత మంటో మనందరికీ తెలుసు. అన్నిటికంటే ముఖ్యంగా, మీ వారిని పడుకునే ముందు ముఖం సబ్బుతో కడుక్కోమనండి, తలనూనె రాత్రి కాక పొద్దున పెట్టుకోమనండి. మాస్కు శుభ్రతలో సగం ముఖం శుభ్రతే. ఇప్పుడున్న కుషన్ గట్టిపడిందన్నారు కనుక అది ఇక కోలుకోదు. కుషన్ ఒక్కటే విడిగా దొరుకుతుంది, మార్చేయండి.

ప్రశ్న: మాది జనగామ దగ్గర పల్లె. యంత్రంలోని నీటి డబ్బా అడుగున తెల్లటి పొర కట్టి, ఎంత తోమినా పోవడం లేదు. డిస్టిల్డ్ వాటర్ పోయమన్నారు, ఇక్కడ అది ఇన్వర్టర్ బ్యాటరీల దుకాణంలో తప్ప దొరకదు. బోరు నీళ్లు, మిషన్ భగీరథ కుళాయి నీళ్లు, ప్లాంటు నుంచి తెచ్చే ఫిల్టరు నీళ్లు, వీటిలో ఏవి వాడాలి?
– ఒక రైతు

జవాబు: సీప్యాప్ శుభ్రతలో మన ప్రాంతం వాళ్లను నిజంగా ఇబ్బంది పెట్టేది ఈ నీళ్ల సమస్యే. మన నేల కింద ఉన్నది గట్టి రాయి. దాని పగుళ్లలో నిలిచిన నీళ్లే బోరులో పడతాయి కనుక వాటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. హ్యూమిడిఫయర్, అంటే గాలికి తేమ కలిపే భాగం, అడుగున ఉండే పలక డబ్బాలోని నీటిని వేడి చేస్తుంది, నీరు ఆవిరై గాలిలో కలుస్తుంది, లవణాలు ఆవిరి కాలేక డబ్బాలోనే మిగిలిపోతాయి. మీరు చూస్తున్న తెల్ల పొర అదే. నీళ్లు కాచే హీటరు కడ్డీకి పట్టే తెల్లటి పెచ్చు కూడా ఇదే పదార్థం. ఆ లవణాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయని భయపడనక్కరలేదు. అయితే పొర మందమైతే నీరు సరిగా వేడెక్కదు, గరుకైన ఆ పొర సందుల్లో సూక్ష్మజీవులు స్థిరపడతాయి, కొన్నాళ్లకు డబ్బా పగులుతుంది.

అందువల్ల డిస్టిల్డ్ వాటరే సరైనది. అందులో లవణాలు ఉండవు. కాని బ్యాటరీల దుకాణంలో అమ్మే నీళ్లు బ్యాటరీ పలకలు పాడవకుండా ఉండేందుకు లవణాలు తీసినవి మాత్రమే, మనిషి పీల్చే గాలి కోసం తయారైనవి కావు. అవి సూక్ష్మజీవులు లేనివని గాని, పోసిన డబ్బా పరిశుభ్రమైనదని గాని ఎవరూ హామీ ఇవ్వరు. వాటిని వాడమని నేను చెప్పను. జనగామలోనో హనుమకొండలోనో పెద్ద మందుల దుకాణంలో అడిగితే వైద్య అవసరాలకు అమ్మే డిస్టిల్డ్ వాటర్‌ను గాని, లీటరు, అర లీటరు సీసాల్లో వచ్చే స్టెరైల్ వాటర్‌ను గాని తెప్పించి ఇస్తారు. సెలైన్ సీసాతో పొరబడకండి. చూడడానికి రెండూ ఒకేలా ఉంటాయి, కాని సెలైన్‌లో ఉప్పు ఉంటుంది, డబ్బాలో పోయకూడదు.

అవి దొరకని రోజుల మాటేమిటి? ఫిల్టరు నీళ్లు, అంటే ఆర్‌ఓ ప్లాంటు నీళ్లు, లవణాలు చాలా వరకు తగ్గినవి. క్యాను ఎంత శుభ్రంగా ఉందన్న దాని మీద, దాన్ని ఎన్నాళ్లు నిల్వ ఉంచారన్న దాని మీద అందులోని సూక్ష్మజీవుల సంగతి ఆధారపడి ఉంటుంది. కనుక ఆ నీళ్లను స్టీలు గిన్నెలో తెర్లించి, బాగా తెర్లడం మొదలయ్యాక కనీసం ఒక నిమిషం ఉంచి, మూత పెట్టి చల్లార్చి ఆ రాత్రికి వాడుకోండి. ఇది రెండో మెట్టు. భగీరథ నీళ్లను కాచి చల్లార్చితే క్రిములు చస్తాయి గాని లవణాలు పూర్తిగా పోవు, పొర కడుతూనే ఉంటుంది. తప్పనిసరి అయిన ఒకటి రెండు రాత్రులకు పరవాలేదు. బోరు నీళ్లు వద్దు. ఏ నీళ్లూ సరిగా లేని రాత్రి డబ్బా ఖాళీగా ఉంచి, హ్యూమిడిఫయర్‌ను ఆపేసి యంత్రం పెట్టుకోవచ్చు. గొంతు కాస్త ఎండుతుంది, అంతే. నీళ్లు లేవని యంత్రాన్నే మానేయడం అన్నిటికంటే చెడ్డ పని.

ఉన్న పొరను వదిలించడానికి కిరాణా దుకాణంలో దొరికే తెల్ల వెనిగర్ ఒక వంతు, నీళ్లు పది వంతులు కలిపి డబ్బాలో పోసి పది నిమిషాలు నానబెట్టండి. మెత్తటి గుడ్డతో తుడిచి, వాసన పోయే దాకా జాడించండి. ఒక్కసారికి పోకపోతే మర్నాడు మళ్లీ చేయండి. ఇత్తడి బిందెలు తోమినట్టు చింతపండు, పీచు, బూడిద పెట్టి తోమితే ప్లాస్టిక్ గీతలు పడి, ఆ గీతల్లో మురికి ఇంకా ఎక్కువగా నిలుస్తుంది. ఇకపై రోజూ పొద్దున మిగిలిన నీళ్లు పారబోసి, జాడించి, డబ్బాను తెరిచి ఆరబెట్టండి. నిన్నటి నీళ్ల మీద ఇవాళ్టి నీళ్లు పోయకూడదు.

ప్రశ్న: నేను సింగరేణిలో చేసి రిటైరయ్యాను. అమెరికాలో ఉన్న మా అబ్బాయి సీప్యాప్‌ను ఓజోన్‌తో శుద్ధి చేసే పెట్టె ఒకటి పంపిస్తానంటున్నాడు. నీళ్లు, సబ్బు అక్కరలేకుండా మాస్కు, గొట్టం అందులో పెట్టి మీట నొక్కితే చాలునట. అల్ట్రావయొలెట్ దీపంతో పనిచేసే పెట్టెలు కూడా ఉన్నాయట. ఏది మేలు?
– గోదావరిఖని

జవాబు: అబ్బాయి ప్రేమను కాదనలేం గాని, రెండూ వద్దని రాయండి.

ఓజోన్ అంటే మూడు ఆక్సిజన్ పరమాణువులు కలిసిన వాయువు. అది దేనితోనైనా తేలిగ్గా చర్య జరిపి దాన్ని ఆక్సీకరణం చేస్తుంది. సూక్ష్మజీవులను చంపేది ఆ గుణమే, ఊపిరితిత్తుల పొరను రేపేదీ అదే గుణం. సూక్ష్మజీవులు చావాలంటే మనిషికి సురక్షితమైన స్థాయిని మించి చాలా ఎక్కువ ఓజోన్ ఉండాలి. అమెరికాలో వైద్య పరికరాల నుంచి వెలువడే ఓజోన్ గాలిలో పది లక్షల వంతులకు 0.05 వంతును దాటరాదని నియమం ఉంది. పెట్టె సందుల్లోంచి, గొట్టం అతుకుల్లోంచి ఓజోన్ గదిలోకి రావచ్చు, గొట్టంలో మిగిలిపోయినది రాత్రి నేరుగా ముక్కులోకి పోవచ్చు. అమెరికా ఔషధ, ఆహార నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020 ఫిబ్రవరిలో ఈ రెండు రకాల పెట్టెల గురించీ ప్రజలను హెచ్చరించింది. సీప్యాప్ శుభ్రతకు అమ్ముతున్న ఓజోన్, అల్ట్రావయొలెట్ పరికరాల్లో వేటికీ అప్పటికి తమ అనుమతి లేదని చెప్పింది. 2017 జనవరి నుంచి 2019 చివరి దాకా ఓజోన్‌తో శుద్ధి చేసిన యంత్రాల వల్ల దగ్గు, ఆయాసం, ముక్కు మంట, తలనొప్పి, ఉబ్బసం వచ్చాయంటూ 11 ఫిర్యాదులు అందినట్టు కూడా తెలిపింది. మీరు బొగ్గు ధూళిలో పనిచేసి వచ్చినవారైతే మీ ఊపిరితిత్తులను మరింత జాగ్రత్తగా చూసుకోవాలి, కోరి ఓజోన్ తగలనివ్వడం ఎందుకు?

అల్ట్రావయొలెట్ దీపం సంగతి వేరు. ఆ వెలుగు తగిలిన చోటే పనిచేస్తుంది. ఆరడుగుల ముడతల గొట్టం లోపలికీ, కుషన్ మడతలోకీ అది చేరదు. వెలుగు సరిపోకపోతే శుద్ధి కాదు, ఎక్కువైతే ప్లాస్టిక్ పాడవుతుంది, పెట్టె సరిగా మూసుకోకపోతే కళ్లకూ చర్మానికీ హాని. పైగా ఈ రెండు పెట్టెల్లో ఏదీ జిడ్డును తీయదు. అంటే పెట్టె కొన్నా సబ్బుతో కడగడం తప్పదు. కడిగాక పెట్టెకు మిగిలే పని ఏమీ లేదు.

ఇంకొక సంగతి. ఫిలిప్స్ సంస్థ 2021 జూన్‌లో తన సీప్యాప్ యంత్రాలను, ఊపిరి పీల్చేటప్పుడూ వదిలేటప్పుడూ వేర్వేరు ఒత్తిడి ఇచ్చే బైప్యాప్ యంత్రాలను లక్షల సంఖ్యలో వెనక్కి పిలిచింది. చప్పుడు తగ్గించడానికి వాటి లోపల పెట్టిన పాలీయురిథేన్ నురుగుదిండు పొడిపొడిగా రాలి, గాలితోపాటు ముక్కులోకి రావచ్చన్నది కారణం. అధిక వేడి, తేమతోపాటు ఓజోన్ శుద్ధి కూడా ఆ దిండు చెడిపోవడాన్ని వేగిరం చేయగలదని ఆ సంస్థే చెప్పింది. మీది 2021 ఏప్రిల్ 26కు ముందు తయారైన ఆ సంస్థ యంత్రమైతే, దాని అడుగున ఉన్న సీరియల్ నంబరును అమ్మినవారికి చూపించి, అది ఆ జాబితాలో ఉందో లేదో తెలుసుకోండి, మీ డాక్టరుకూ చెప్పండి. ఆ పెట్టె డబ్బులతో అబ్బాయిని రెండు కుషన్లు, ఒక గొట్టం, కొన్ని ఫిల్టర్లు పంపమనండి. అవే ఎక్కువ అక్కరకొస్తాయి.

ప్రశ్న: మా ఇల్లు ఎనుమాముల మార్కెట్‌కు దగ్గర. మిర్చి సీజనులో ఇల్లంతా ఘాటు, దుమ్ము. యంత్రం ఫిల్టరు కొద్ది రోజులకే నల్లబడుతోంది. దాన్ని ఉతికి వాడుకోవచ్చా? మిర్చి ఘాటు కూడా ఆ ఫిల్టరు ఆపుతుందా?
– ఒక అడ్తి వ్యాపారి, వరంగల్

జవాబు: సీప్యాప్‌ను సిడ్నీలో కాలిన్ సలివాన్ అనే వైద్యుడు రూపొందించి 1981లో ప్రపంచానికి వెల్లడించాడు. తొలినాళ్ల యంత్రాల్లో వాక్యూమ్ క్లీనర్ మోటారును గాలి పీల్చడానికి బదులు ఊదేలా వాడేవారు. ఇప్పటి యంత్రం చిన్నదై, చప్పుడు లేనిదైంది గాని చేసే పని అదే: గదిలోని గాలిని లాగి మీ ముక్కులోకి పంపడం. ఆక్సిజన్‌ను తయారు చేయదు, గాలిని శుద్ధి చేయదు. ఆ గాలికీ మీకూ మధ్య ఉన్న అడ్డు వేలెడు ఫిల్టరు ఒక్కటే. అది దుమ్మును ఆపుతుంది, ఘాటును ఆపలేదు.

ఫిల్టర్లు రెండు రకాలు. బూడిద, నలుపు లేదా నీలి రంగులో స్పాంజిలా ఉండేదాన్ని సబ్బునీళ్లతో పిండి, జాడించి, పూర్తిగా ఆరాక మళ్లీ పెట్టుకోవచ్చు. తెల్లగా, కాగితంలా ఉండేదాన్ని ఉతకకూడదు, దులపకూడదు. తడిస్తే దాని పోగుల అమరిక చెడుతుంది, దులిపితే పట్టిన దుమ్ము మళ్లీ గాలిలోకి లేస్తుంది. మామూలు ఇళ్లలో తెల్ల ఫిల్టరును నెలనెలా తీసి చూసి, రంగు మారితే మార్చమంటారు. మీ ఇంట్లో మిర్చి సీజనంతా వారానికోసారి తీసి చూడండి. తడి ఫిల్టరును మాత్రం ఏ రకమైనా సరే బిగించకండి.

యంత్రాన్ని నేల మీద కాక చిన్న స్టూలు మీద, కిటికీకి, గోడకు, కర్టెన్‌కు ఎడంగా పెట్టండి. దుమ్ము ఎక్కువగా ఎగిరేది నేలకు దగ్గరలోనే. రాత్రికి మార్కెట్ వైపు కిటికీ మూసేయండి. దోమల కాయిల్, అగరుబత్తి, సాంబ్రాణి ధూపం మీరు పడుకునే గదిలో వెలిగించకండి. నల్లబడిన ఫిల్టర్లలో మార్కెట్ దుమ్ము వాటా కంటే కాయిల్ పొగ వాటాయే ఎక్కువ ఉండడం నేను చాలాసార్లు చూశాను. దోమలకు తెర కట్టుకోండి, గొట్టం తెర కింది నుంచి లోపలికి వస్తుంది.

ప్రశ్న: ములుగులో వానకాలం వారాల తరబడి ముసురు పడుతుంది. గొట్టం ఆరదు, ముక్క వాసన వస్తుంది. ఎండ వచ్చినప్పుడు డాబా మీద ఆరేస్తే క్రిములు కూడా చస్తాయి కదా?
– ఒక ఉపాధ్యాయుడు

జవాబు: ఎండలో ఆరేయకండి. నేరుగా తగిలే ఎండ సిలికాన్‌ను, ప్లాస్టిక్‌ను పసుపు పట్టించి పెళుసుగా మారుస్తుంది. మన దగ్గరి మే నెల ఎండకైతే గొట్టం కొద్ది రోజుల్లోనే చిట్లుతుంది. గొట్టాన్ని కడిగాక ఒక చివర పట్టుకుని గట్టిగా విదిలించి, దండెం మీద సగానికి వేయండి. రెండు చివరలూ కిందికి వేలాడుతూ నీళ్లు కారిపోవాలి. తిరుగుతున్న ఫ్యాను కింద అయితే ముసురులో కూడా సాయంత్రానికి ఆరుతుంది. ఇంకా తడి ఉందనిపిస్తే, నీటి డబ్బా ఖాళీ చేసి, మాస్కు లేకుండా గొట్టం మాత్రమే తగిలించి యంత్రాన్ని కొన్ని నిమిషాలు నడపండి. పొద్దునే కడగడం మంచిదనడానికి కారణం ఇదే, రాత్రి కడిగితే తడి గొట్టంతోనే పడుకోవలసి వస్తుంది.

కడిగి ఆరబెట్టినా ముక్క వాసన పోకపోతే, లేదా గొట్టం లోపల నల్లటి చుక్కలు కనిపిస్తే అది బూజు. ఆ గొట్టాన్ని బాగు చేసే ప్రయత్నం వద్దు, పారేయండి. బ్లీచింగ్ పౌడర్ జోలికి అసలే పోకండి. ఆరిన గొట్టాన్ని, మాస్కును మూత గట్టిగా ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో కాక పలచటి నూలు సంచిలో ఉంచండి. చీమలు, బొద్దింకలు గొట్టంలోకి దూరకుండా సంచి మూతి కట్టాలి. వాడే ముందు గొట్టాన్ని వెలుతురుకు పెట్టి ఒకసారి చూడడం అలవాటు చేసుకోండి.

ప్రశ్న: మా పెద్దబాపు పోయిన ఏడు కాలం చేశారు. ఆయన వాడిన సీప్యాప్ ఇంట్లోనే ఉంది. ఇప్పుడు మా నాయనకు కూడా అదే జబ్బని తేలింది. యంత్రం ఖరీదు ఎక్కువ. దాన్ని శానిటైజ్ చేయించి వాడుకోవచ్చా?
– పరకాల

జవాబు: ఖరీదు సంగతి నాకు తెలుసు కనుక వద్దని ఒక్క మాటలో కొట్టిపారేయను. మాస్కు, తల పట్టీలు, గొట్టం, నీటి డబ్బా, ఫిల్టరు మాత్రం ఒకరివి మరొకరు వాడకూడదు. వీటిని ఇంట్లో ఎంత కడిగినా ఇంకొకరికి ఇచ్చేంత శుద్ధి కావు. ఆసుపత్రుల్లో ఒక పరికరాన్ని మరో రోగికి వాడే ముందు తయారీ సంస్థ చెప్పిన ప్రత్యేక పద్ధతుల్లో శుద్ధి చేస్తారు, అందుకు తగినవిగా తయారైన భాగాలకే ఆ పని చేస్తారు. మందుల దుకాణంలో కొన్న ద్రవంతో ఇంట్లో చేసేది దానికి సాటి రాదు. ఇవన్నీ కొత్తవి కొనండి.

మోటారు ఉన్న అసలు యంత్రం సంగతి వేరుగా చూడాలి. గాలి బయటికే వస్తుంది గనుక లోపలికి మురికి పోదని కొందరు అనుకుంటారు. కరెంటు పోయినప్పుడు, యంత్రం ఆగినప్పుడు ఊపిరి వెనక్కి పోవచ్చు, డబ్బాలోని నీరు లోపలికి జారవచ్చు. లోపలి దారిని ఇంట్లో శుభ్రం చేయలేం. కనుక ఆ సంస్థ సర్వీసు కేంద్రానికి పంపి, లోపలి స్థితి, నడిచిన గంటలు, గాలి ఒత్తిడి సరిగా ఇస్తోందో లేదో పరీక్ష చేయించండి. వెనక్కి పిలిచిన మోడల్ కాదని కూడా రూఢి చేసుకోండి. పెద్దబాపు గారికి క్షయ గాని, చివరి రోజుల్లో తీవ్రమైన ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్ గాని ఉండి ఉంటే ఆ యంత్రం ఆశ వదులుకోవడమే మంచిది. అన్నీ బాగున్నా, ఒత్తిడి ఎంత పెట్టాలన్నది మీ నాయన నిద్ర పరీక్ష చూసి డాక్టరు నిర్ణయించాలి. అన్నకు పెట్టిన ఒత్తిడి తమ్ముడికి సరిపోదు.

ప్రశ్న: జలుబు చేసినప్పుడు మా అవ్వ తన సీప్యాప్ నీటి డబ్బాలో కాస్త విక్స్, రెండు చుక్కల నీలగిరి తైలం వేయమంటున్నది. ముక్కు తెరుచుకుంటుందట. వేయవచ్చా? జలుబు తగ్గాక మాస్కును ప్రత్యేకంగా శుద్ధి చేయాలా?
– కరీంనగర్

జవాబు: అవ్వ చెప్పింది గిన్నెలో ఆవిరి పట్టుకోవడానికి పనికొస్తుంది, డబ్బాకు పనికిరాదు. నూనె గాని, కర్పూరం, పుదీనా సారం వంటివి గాని అందులో వేస్తే గంటల తరబడి ఒత్తిడితో ఊపిరితిత్తుల్లోకి పోయి వాటిని రేపుతాయి. డబ్బా ప్లాస్టిక్ కూడా పాడవుతుంది. డబ్బాలో నీళ్లు తప్ప మరేదీ వేయకూడదు. ముక్కు బాగా మూసుకుపోతే పడుకునే ముందు విడిగా ఆవిరి పట్టి, ముఖం కడుక్కుని మాస్కు పెట్టించండి. అప్పటికీ ఊపిరి ఆడకపోతే డాక్టరును అడిగి ముక్కు చుక్కలు వాడండి.

జలుబు ఉన్నన్ని రోజులు వారానికోసారి కడిగేవాటిని కూడా, అంటే గొట్టాన్ని, నీటి డబ్బాను, రోజూ సబ్బుతో కడగండి. తగ్గాక తెల్ల ఫిల్టరు ఒకటి మార్చండి. తన జలుబు మాస్కు నుంచి మళ్లీ తనకే అంటుకుంటుందన్న భయం అక్కరలేదు. కాని చీమిడి ఎండి అంచున అట్టకడితే మాస్కు లీకవుతుంది, చర్మం ఒరుసుకుపోతుంది. పచ్చటి కఫం, జ్వరం, ఆయాసం ఉంటే మాత్రం శుభ్రత ప్రశ్న పక్కన పెట్టి ముందు అవ్వను డాక్టరు దగ్గరికి తీసుకుపోండి.

ప్రశ్న: నెలకోసారి నర్సంపేట నుంచి హైదరాబాద్‌కు బస్సులో వెళ్తాను. యంత్రం వెంట తీసుకుపోయేటప్పుడు శుభ్రత విషయంలో ఏం చూసుకోవాలి?

జవాబు: బయల్దేరే ముందు నీటి డబ్బాను విడదీసి, నీళ్లు పారబోసి, తుడిచి విడిగా పెట్టుకోండి. నీళ్లతో ఉన్న డబ్బాను యంత్రానికే ఉంచి సంచిలో పెడితే బస్సు కుదుపులకు నీరు మోటారులోకి పోతుంది; బాగుచేయించడానికి వచ్చే యంత్రాల్లో ఇలా పాడైనవి తక్కువేమీ కాదు. కుషన్‌ను తువ్వాలులో చుట్టి సంచిలో పైన ఉంచండి. ఒక చిన్న సీసాలో ద్రవ సబ్బు, ఒక అదనపు ఫిల్టరు వెంట ఉంచుకోండి. లాడ్జిలో కుళాయి నీళ్లను కడగడానికి వాడుకోవచ్చు, డబ్బాలో పోయడానికి మాత్రం మీ సీసానే తీసుకుపోండి.